కుందేలును పోగొట్టుకున్న కంపెనీ

2006 ఫిబ్రవరిలో అమెరికా టెలివిజన్ రంగంలో ఒక విచిత్రమైన మార్పిడి జరిగింది. డిస్నీ సంస్థతో ఒప్పందంలో ఉన్న అల్ మైఖేల్స్ అనే పేరుమోసిన క్రీడా వ్యాఖ్యాత పోటీ సంస్థ ఎన్‌బీసీకి వెళ్లిపోవాలనుకున్నాడు. వెళ్లనిస్తాం, బదులుగా మాకు ఇవి కావాలి అంటూ డిస్నీ ఇచ్చిన జాబితాలో కొన్ని క్రీడా ప్రసార హక్కులతో పాటు ఒక కుందేలు కూడా ఉంది. 1927లో గీసిన నలుపు తెలుపు కార్టూన్ కుందేలు. పేరు ఓస్వాల్డ్. అప్పటికి దాన్ని గుర్తుపెట్టుకున్న మామూలు ప్రేక్షకులు చాలా తక్కువ. అయినా డిస్నీ పట్టుబట్టి అడిగింది, ఎన్‌బీసీ యూనివర్సల్ ఇచ్చేసింది.

ఆ కుందేలు కథ తెలిస్తే డిస్నీ నూరేళ్ల చరిత్రలోని మలుపులు చాలావరకు ఒక దారానికి వచ్చి చేరతాయని నా నమ్మకం. లేకపోతే అది పొడవాటి తేదీల పట్టికలాగే కనిపిస్తుంది. ఫలానా ఏట మొదటి సినిమా, ఫలానా ఏట మొదటి పార్కు, ఫలానా ఏట ఇంకో పెద్ద కంపెనీ కొనుగోలు. ఆ తేదీల కింద తిరుగుతున్నది ఒకే తగాదా. బొమ్మ గీసేది ఒకరు, డబ్బు పెట్టేది ఒకరు, ఊరూరా చూపించేది ఇంకొకరు. చివరికి అది ఎవరి సొంతం? పొలం దస్తావేజుల దగ్గరా, సినిమా నెగెటివ్ హక్కుల దగ్గరా తలలు పండిన మన తెలుగువాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు.

న్యూయార్క్ నుంచి ఉత్త చేతులతో

వాల్ట్ డిస్నీ కాన్సస్ సిటీలో పెట్టిన మొదటి కార్టూన్ సంస్థ దివాలా తీసింది. 1923లో జేబులో దాదాపు 40 డాలర్లతో లాస్ ఏంజెలెస్ చేరాడు. అన్న రాయ్ అప్పటికి అక్కడే క్షయకు చికిత్స తీసుకుంటున్నాడు. మార్గరెట్ వింక్లర్ అనే న్యూయార్క్ పంపిణీదారు ఒక్కో చిత్రానికి 1,500 డాలర్లు ఇస్తానని ఒప్పుకోవడంతో అన్నదమ్ములిద్దరూ బాబాయి దగ్గర 500 డాలర్లు అప్పు తీసుకుని 1923 అక్టోబర్ 16న పని మొదలుపెట్టారు. ఆ తేదీనే సంస్థ పుట్టినరోజుగా ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక నిజమైన పాప కార్టూన్ లోకంలో తిరిగే ఆలిస్ చిత్రాలు వారి తొలి పంట. వాల్ట్ కంటే ఎంతో వేగంగా, ఎంతో బాగా గీయగల పాత మిత్రుడు అబ్ ఐవర్క్స్ కూడా కాన్సస్ సిటీ నుంచి వచ్చి చేరాడు.

1927లో యూనివర్సల్ స్టూడియో కోసం ఓస్వాల్డ్ అనే కుందేలు పాత్రను తయారు చేశారు. అది బాగా ఆడింది. 1928 తొలినాళ్లలో వాల్ట్ భార్య లిలియన్‌తో కలిసి రైలెక్కి న్యూయార్క్ వెళ్లాడు. చిత్రానికి మరికొంత ఎక్కువ అడగాలన్నది అతని ఉద్దేశం. వింక్లర్ భర్త చార్లెస్ మింట్జ్ అప్పటికి వ్యాపారం చూసుకుంటున్నాడు. ఎక్కువ మాట అటుంచి, ఉన్నదాంట్లోనే తగ్గించుకోమన్నాడు మింట్జ్. కాదంటే వాల్ట్ దగ్గర పనిచేసే చిత్రకారులు చాలామంది అప్పటికే తన వైపు వచ్చేశారని చెప్పాడు. కాగితాలు తీసి చూస్తే ఓస్వాల్డ్ యూనివర్సల్ సొత్తు. గీసినవాడికీ, గీయించినవాడికీ దాని మీద ఏ హక్కూ లేదు.

ఆ దెబ్బ తిన్నాక పుట్టినదే మిక్కీ మౌస్. తిరుగు ప్రయాణంలో రైలులోనే ఎలుక ఆలోచన వచ్చిందని వాల్ట్ తర్వాత చెప్పుకునేవాడు. ఆలోచన ఎక్కడ పుట్టినా, రూపమిచ్చింది మాత్రం ఐవర్క్స్ చెయ్యి. మింట్జ్ వైపు వెళ్లబోతున్న చిత్రకారులు ఒప్పందం ప్రకారం మిగిలిన ఓస్వాల్డ్ చిత్రాలను అదే స్టూడియోలో పూర్తి చేస్తుండగా, ఐవర్క్స్ ఎవరి కంటా పడకుండా మిక్కీ బొమ్మలు గీశాడు. రోజుకు 700 బొమ్మల దాకా గీశాడని చెబుతారు.

తొలి రెండు మిక్కీ చిత్రాలను కొనడానికి పంపిణీదారులెవరూ ముందుకు రాలేదు. అప్పుడే సినిమాకు మాట వచ్చింది. బొమ్మకు శబ్దం అతికితే జనం నమ్ముతారా అన్నది అప్పట్లో నిజమైన సందేహం. బొమ్మ నోరు తెరిచినప్పుడు శబ్దం ఎక్కడి నుంచో వస్తున్నట్టు ఉంటుందేమోనని భయం. అందుకని 1928 వేసవిలో ఒక రాత్రి స్టూడియోలోనే పరీక్ష పెట్టుకున్నారు. ప్రొజెక్టర్ చప్పుడు గదిలోకి రాకుండా రాయ్ బయట నిలబడి కిటికీలోంచి చిత్రం వేశాడు. తెరగా కట్టిన దుప్పటి వెనక ఒకరు మౌత్ ఆర్గాన్ వాయిస్తుంటే, మిగతావాళ్లు గిన్నెలు, ఈలలు, గంటలు పట్టుకుని బొమ్మ కదలికకు తగ్గట్టు మోగించారు. ఎదురుగా కూర్చున్నది వాళ్ల భార్యలే. ఎలుక ఈల వేస్తే ఈల ఎలుక నోట్లోంచే వచ్చినట్టు అనిపించింది. ఇక వెనక్కి చూడలేదు.

న్యూయార్క్‌లో వాద్యబృందంతో చేసిన మొదటి రికార్డింగు తప్పిపోయింది. లయ చిత్రంతో కలవలేదు. రెండోసారి డబ్బు కోసం వాల్ట్ తన కారు అమ్మేశాడు. ఈసారి ఫిల్మ్ మీద ఎగిరి పడే బంతిలా ఒక గుర్తు వేసి, దాన్ని చూస్తూ తాళం వేయించారు. ఆ ‘స్టీమ్‌బోట్ విల్లీ’ 1928 నవంబర్ 18న న్యూయార్క్‌లోని కాలనీ థియేటర్‌లో విడుదలైంది. శబ్దం ఉన్న తొలి కార్టూన్ అదేనని చాలాచోట్ల రాస్తుంటారు గానీ అది సరికాదు. అంతకుముందూ కొన్ని ప్రయత్నాలు జరిగాయి. శబ్దాన్నీ కదలికనూ విడదీయలేనంతగా ముడివేసిన మొదటి జనాదరణ చిత్రం అనడం న్యాయం.

ఐవర్క్స్ సంగతి ఇక్కడే చెప్పాలి. 1930లో అతను డిస్నీని వదిలి వెళ్లిపోయాడు. శబ్దయంత్రం ఇచ్చిన పాట్ పవర్స్ అనే వ్యాపారి అతనికి సొంత స్టూడియో ఆశ చూపి లాగేశాడు. వెళుతూ వెళుతూ కంపెనీలో తనకున్న 20 శాతం వాటాను 2,920 డాలర్లకు డిస్నీ సోదరులకే ఇచ్చేశాడు. మిక్కీని గీసిన మనిషికి మిక్కీ కంపెనీలో దక్కింది అంతే. పదేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగిగా తిరిగి వచ్చి సాంకేతిక విభాగంలో అద్భుతాలు చేశాడు. ఆ అయిదో వంతు వాటా సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

చిన్న చిత్రం ఎందుకు చాలలేదు

1937 నాటి ‘స్నో వైట్’ను కళా సాహసంగా అందరూ పొగుడుతారు. నిజమే. అయితే దాని వెనక గట్టి వ్యాపార కారణం ఒకటి ఉంది. ఆ రోజుల్లో థియేటర్‌లో కార్టూన్ అసలు సినిమాకు ముందు వేసే ఏడెనిమిది నిమిషాల కొసరు. జనం కార్టూన్ కోసమే వచ్చినా, థియేటర్ యజమాని దానికి ఇచ్చే అద్దె పెద్దగా పెరిగేది కాదు. మరోవైపు వాల్ట్ ఖర్చు ఏటికేడు పెరుగుతోంది. 1932లో మూడు రంగుల టెక్నికలర్‌లో తీసిన ‘ఫ్లవర్స్ అండ్ ట్రీస్’ కార్టూన్ విభాగంలో మొట్టమొదటి ఆస్కార్ తెచ్చిపెట్టింది. కీర్తి వచ్చింది గానీ రాబడి ఆ పాళ్లలో పెరగలేదు. కొసరుగా ఉన్నంతకాలం కొసరు ధరే. పూర్తి నిడివి చిత్రం తీస్తేనే టికెట్ డబ్బులో వాటా అడగడానికి వీలుంటుంది.

గంటన్నర సేపు బొమ్మలను చూస్తే కళ్లు నొప్పెడతాయని, జనం మధ్యలోనే లేచిపోతారని పరిశ్రమలో అనుకున్నారు. దానికి ‘డిస్నీ పిచ్చిపని’ అని పేరు కూడా పెట్టారు. దాదాపు 15 లక్షల డాలర్లు ఖర్చయింది. బ్యాంక్ ఆఫ్ అమెరికా అప్పు మీద అప్పు ఇస్తూ వచ్చింది. 1937 డిసెంబర్ 21న లాస్ ఏంజెలెస్‌లోని కార్థే సర్కిల్ థియేటర్‌లో మొదటి ప్రదర్శన. తొలి విడుదలలోనే దాదాపు 80 లక్షల డాలర్లు వసూలయ్యాయి. ఆస్కార్ వేడుకలో ఒక పెద్ద ప్రతిమ, పక్కనే మెట్లు మెట్లుగా ఏడు చిన్న ప్రతిమలు పేర్చి వాల్ట్ చేతికి అందించారు.

ఇదే కాలంలో జరిగి, ఎవరూ పెద్దగా చెప్పుకోని ఒక నిర్ణయం నా దృష్టిలో అంతే విలువైనది. అప్పటిదాకా డిస్నీ చిత్రాలను పంపిణీ చేస్తున్న యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ కొత్త ఒప్పందంలో టెలివిజన్ హక్కులు కూడా కావాలంది. 1936లో టెలివిజన్ ఇంకా ప్రయోగశాల వస్తువు. ఇళ్లల్లో లేదు. దానివల్ల ఏమొస్తుందో ఎవరికీ తెలియదు. అయినా వాల్ట్ ఇవ్వనన్నాడు. పంపిణీదారునే మార్చుకుని ఆర్‌కేఓకు వెళ్లాడు. ఒకసారి కుందేలును పోగొట్టుకున్నవాడు ఇంకా పుట్టని తెరను కూడా వదులుకోలేదు. ఆ పట్టుదల పద్దెనిమిదేళ్ల తర్వాత ఒక పార్కును కట్టిపెట్టింది.

‘స్నో వైట్’ డబ్బుతో బర్బాంక్‌లో కొత్త స్టూడియో కట్టారు. 1940లో వాటాలను ప్రజలకు అమ్మారు. అదే ఏడు వచ్చిన ‘పినోకియో’, ‘ఫాంటాసియా’ యూరప్‌లో యుద్ధం వల్ల విదేశీ రాబడి కోల్పోయి నష్టాల్లో పడ్డాయి. ఈ ఇబ్బంది మధ్యలో, 1941 మే 29న చిత్రకారులు సమ్మెకు దిగారు. జీతాల్లో తేడాలు, తెర మీద పేర్లు పడకపోవడం, సంఘాన్ని గుర్తించకపోవడం వారి ఫిర్యాదులు. సంస్థలో అగ్రశ్రేణి చిత్రకారుడు ఆర్ట్ బాబిట్‌ను సంఘంలో చురుగ్గా ఉన్నందుకు తొలగించడంతో నిప్పు రాజుకుంది. నెలల తరబడి గేటు ముందు నిరసనలు సాగాయి. వాల్ట్ దక్షిణ అమెరికా పర్యటనకు వెళ్లినప్పుడు, ప్రభుత్వ మధ్యవర్తుల సమక్షంలో సంఘానికే అనుకూలంగా తేలింది.

ఈ ఘట్టాన్ని సంస్థ వారు వేడుకల పుస్తకాల్లో త్వరగా దాటేస్తుంటారు. అలా దాటకూడదనే నేను అంటాను. గీసిన బొమ్మ తనది కాకుండా పోయినప్పుడు మనిషికి ఎలా ఉంటుందో 1928లో వాల్ట్‌కు తెలుసు. 1941 నాటికి అతనే బల్లకు అవతలి వైపు కూర్చున్నాడు. పలకల మీద రంగులు నింపిన వందలాది అమ్మాయిల పేర్లు ఆ సినిమాల్లో ఎక్కడా కనబడవు. వాళ్ల చేతుల మీదుగానే ఆ సౌందర్యమంతా వచ్చింది.

నారింజ తోటలో కోట

యుద్ధకాలంలో శిక్షణ చిత్రాలతో బతికిన సంస్థ 1950లో ‘సిండరెల్లా’తో మళ్లీ కోలుకుంది. అప్పటికే వాల్ట్ మనసు వేరే చోట ఉంది. తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి తిరగగలిగే శుభ్రమైన వినోద స్థలం ఒకటి కట్టాలన్నది అతని పట్టు. రాయ్ ఒప్పుకోలేదు. కంపెనీ డబ్బు ఇలాంటి వాటికి పెట్టడం వాటాదారులకు నచ్చదన్నాడు. వాల్ట్ జీవిత బీమా మీద అప్పు తెచ్చి, 1952లో తన సొంత సంస్థ ఒకటి వేరుగా పెట్టుకుని నమూనాలు గీయించడం మొదలుపెట్టాడు.

1953 సెప్టెంబర్‌లో ఒక శనివారం ఉదయం హెర్బ్ రైమన్ అనే చిత్రకారుడికి వాల్ట్ నుంచి పిలుపు వచ్చింది. సోమవారం రాయ్ న్యూయార్క్ వెళ్లి డబ్బు అడగాలి. చూపించడానికి ఒక పెద్ద బొమ్మ కావాలి. వాల్ట్ పక్కనే కూర్చుని చెబుతుంటే రైమన్ ఆ శని ఆదివారాల్లో గీసేశాడు. ఆకాశం నుంచి చూసినట్టు చుట్టూ రైలు పట్టాలు, ఒకే ద్వారం, మధ్యలో వీధి, వీధి చివర కోట, కోట ముందు నుంచి నాలుగు దిక్కులకు చీలే దారులు. ఆ కాగితమే తర్వాత కట్టిన ప్రతి డిస్నీ పార్కుకూ మూలపటం.

ఆ బొమ్మ చూసి డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నది ఏబీసీ టెలివిజన్. అప్పటి మూడు పెద్ద టీవీ సంస్థల్లో వెనకబడినది. అది 5 లక్షల డాలర్లు పెట్టి, మరో 45 లక్షల అప్పుకు హామీ ఉంది. బదులుగా పార్కులో 34.48 శాతం వాటాతో పాటు, వారం వారం డిస్నీ కార్యక్రమం దక్కింది. హాలీవుడ్ స్టూడియోలన్నీ టెలివిజన్‌ను శత్రువుగా చూస్తున్న రోజులవి. 1936లో వదులుకోని హక్కు చేతిలో ఉండటం వల్ల డిస్నీ తన పాత చిత్రాలను ఎవరి అనుమతీ అడగకుండా టీవీలో వేసుకోగలిగింది. 1954 అక్టోబర్‌లో మొదలైన ఆ కార్యక్రమం పేరే ‘డిస్నీల్యాండ్’. పార్కు ఇంకా మట్టి దిబ్బలుగా ఉండగానే దేశమంతా ప్రతి వారం దాని గురించి చూసింది.

అనాహైమ్‌లో 160 ఎకరాల నారింజ తోటలు కొట్టి ఏడాదిలో 1.7 కోట్ల డాలర్లతో పార్కు కట్టారు. 1955 జులై 17న ప్రారంభం. ఆహ్వానితులకు మాత్రమే అనుకున్న ఆ రోజు దొంగ టికెట్లతో జనం వరదలా వచ్చేశారు. మండే ఎండ. అప్పుడే పోసిన తారు మెత్తబడి ఆడవాళ్ల మడమల చెప్పులు అందులో దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల తాగునీటి కుళాయిలా, మరుగుదొడ్లా, ఏదో ఒకటే సిద్ధమయ్యే పరిస్థితి వస్తే వాల్ట్ మరుగుదొడ్లకే ఓటు వేశాడు. నీళ్లు రాని కుళాయిల ముందు నిలబడిన జనం, కూల్‌డ్రింకులు అమ్ముకోవడానికే ఇలా చేశారని తిట్టుకున్నారు. ఇదంతా తొమ్మిది కోట్ల మంది చూస్తున్నట్టు చెప్పే ప్రత్యక్ష ప్రసారంలో భాగం. అయినా రెండు నెలలు తిరగకముందే పది లక్షల మంది వచ్చారు. 1960లో ఏబీసీ వాటాను డిస్నీ 75 లక్షల డాలర్లకు తిరిగి కొనేసింది.

ఈ పార్కు ఎందుకంత కీలకమో 1957లో స్టూడియోలో గీసిన ఒక పటం చూస్తే అర్థమవుతుంది. మధ్యలో సినిమా స్టూడియో. చుట్టూ పార్కు, టీవీ, పాటలు, పత్రికలు, బొమ్మల వ్యాపారం. ఒకదాని నుంచి ఇంకొకదానికి బాణాలు. సినిమా పార్కుకు పాత్రలనిస్తుంది, పార్కు సినిమాకు ప్రచారం చేస్తుంది, టీవీ రెండింటినీ ఇంటింటికీ చేరుస్తుంది, పాట మూడింటినీ గుర్తు చేస్తుంది. ఈ బాణాలన్నీ పనిచేయాలంటే ఒకే షరతు. పాత్ర మీద పూర్తి హక్కు ఒకరి చేతిలోనే ఉండాలి. వేరెవరి పాత్రనో అద్దెకు తెచ్చుకుంటే ప్రతి బాణం దగ్గరా సుంకం కట్టాలి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. పార్కు చుట్టూ తిరిగే ఆవిరి రైలు దశాబ్దాల పాటు కంపెనీది కాదు, వాల్ట్ కుటుంబ సంస్థది. ‘వాల్ట్ డిస్నీ’ అన్న పేరును వాణిజ్యానికి వాడుకునే హక్కు కూడా ఆ కుటుంబానిదే. 1980ల తొలి ఏళ్లలో కంపెనీ వాటిని కుటుంబం దగ్గర కొనుక్కుంది. తన తలుపు మీద రాసుకున్న పేరు కోసం కూడా కంపెనీ ధర చెల్లించాల్సి వచ్చింది.

ఫ్లోరిడా, టోక్యో, పారిస్

అనాహైమ్‌లో వాల్ట్‌కు మిగిలిన బాధ ఒక్కటే. గేటు దాటితే చుట్టూ ఎవరెవరివో మోటళ్లు, తినుబండారాల దుకాణాలు. జనాన్ని రప్పించింది తాను, రాత్రి గది అద్దె మాత్రం పక్కవాళ్లకు. అందుకే ఫ్లోరిడాలో ఓర్లాండో దగ్గర 1964, 65లలో రకరకాల పేర్లున్న డమ్మీ కంపెనీల ద్వారా 27,000 ఎకరాలకు పైగా భూమి రహస్యంగా కొన్నారు. ఎక్కువ భాగం చిత్తడి నేల. 1965 అక్టోబర్‌లో స్థానిక పత్రిక కొనేవాడి పేరు బయటపెట్టగానే మిగిలిన ఎకరాల ధర ఆకాశానికంటింది. రాజధాని ప్రకటనలు, విమానాశ్రయ ప్రకటనలు వచ్చినప్పుడు మన దగ్గర ఏం జరుగుతుందో చూసినవారికి ఆ వారం ఓర్లాండో ఎలా ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

భూమితో పాటు అధికారం కూడా సంపాదించారు. 1967లో ఫ్లోరిడా శాసనసభ ‘రీడీ క్రీక్’ అనే ప్రత్యేక పాలనా ప్రాంతాన్ని ఏర్పాటు చేసింది. రోడ్లు, మురుగునీరు, అగ్నిమాపక దళం, భవన నిర్మాణ అనుమతులు అన్నీ దాని చేతిలోనే. ఓటు భూమి యజమానులది, అంటే ఆచరణలో డిస్నీది. ఒక ప్రైవేటు సంస్థకు ఇంత స్వపరిపాలన ఉండటం సరైనదేనా అన్న ప్రశ్న యాభై ఏళ్లకు పైగా నలిగింది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం రాజకీయ వివాదం నేపథ్యంలో ఆ మండలిని తన నియామకాలతో నింపి పేరు మార్చేసింది.

వాల్ట్ 1966 డిసెంబర్ 15న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశాడు. విశ్రాంతి తీసుకోవలసిన వయసులో రాయ్ మళ్లీ భారం ఎత్తుకుని 1971 అక్టోబర్ 1న ఫ్లోరిడా పార్కు తెరిచాడు. తమ్ముడి పూర్తి పేరు ఉండాలని పట్టుబట్టి ‘వాల్ట్ డిస్నీ వరల్డ్’ అని పెట్టించాడు. మూడు నెలలు తిరగకుండానే, అదే డిసెంబర్‌లో తానూ వెళ్లిపోయాడు. అన్నదమ్ముల ఈ కథలో వాల్ట్ కలలకే పేరొచ్చింది గానీ, ఆ కలల బాకీలన్నీ తీర్చినవాడు రాయ్.

ఆ తర్వాత పదేళ్లు సంస్థ పాత వైభవం మీద నడిచింది. ఫ్లోరిడాలోని రెండో పార్కు ఎప్‌కాట్ నిర్మాణానికి ఖర్చు విపరీతంగా పెరుగుతున్న వేళ జపాన్ నుంచి పార్కు ప్రతిపాదన వచ్చింది. చేతిలో డబ్బు లేదు, ఉన్నా భయం. అందుకని టోక్యోలో సొంతంగా పెద్దగా ఏమీ పెట్టలేదు. ఓరియంటల్ ల్యాండ్ అనే జపాన్ సంస్థే కట్టింది, నడిపింది. డిస్నీకి టికెట్లలో 10 శాతం, తిండి, వస్తువుల అమ్మకాల్లో 5 శాతం రాయల్టీ. 1983 ఏప్రిల్‌లో తెరిచిన టోక్యో పార్కు అద్భుతంగా విజయం సాధించింది. లాభంలో సింహభాగం జపాన్ సంస్థకే వెళ్లింది.

తర్వాతి అడుగు తప్పటడుగు అయింది. టోక్యోలో పోగొట్టుకున్నది పారిస్‌లో రాబట్టాలనుకున్నారు. అక్కడ 49 శాతం వాటా తీసుకుని, హోటళ్ల లాభం కూడా బయటికి పోకూడదని అయిదు వేలకు పైగా గదులు ఒకేసారి కట్టారు. 1992 ఏప్రిల్‌లో తెరిచేసరికి యూరప్ మాంద్యంలో ఉంది. ఫ్రెంచివాళ్లు పగలు చూసి సాయంత్రం రైలెక్కి ఇంటికి వెళ్లిపోయారు. పార్కులో వైన్ అమ్మకూడదన్న నియమం భోజనంతో పాటు వైన్ తాగే దేశంలో జనాన్ని నొప్పించింది. ఏడాదికే దాన్ని సడలించారు. భారీ అప్పుల కింద నలిగిన ఆ సంస్థను 1994లో బ్యాంకులు, సౌదీ రాజకుమారుడు అల్వలీద్ కలిసి గట్టెక్కించారు. సొంతం చేసుకుంటే లాభమంతా మనదే అని టోక్యో నేర్పింది. నష్టమూ మనదే అని పారిస్ నేర్పింది.

ముక్కలవబోయి, మింగడం మొదలుపెట్టి

1984కు వెళితే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. కార్టూన్ సినిమాలు వెలవెలబోతున్నాయి. అప్పుడు సాల్ స్టైన్‌బర్గ్ అనే పెట్టుబడిదారు వాటాలు పోగుచేసి సంస్థను చేజిక్కించుకోవడానికి వచ్చాడు. లెక్క తేలికైనదే. స్టాక్ మార్కెట్‌లో డిస్నీ మొత్తం ధర కంటే పాత సినిమాలు, పార్కులు, ఫ్లోరిడా భూమి విడివిడిగా అమ్మితే ఎక్కువొస్తుంది. కంపెనీ అతని వాటాలను 30 కోట్ల డాలర్లకు పైగా చెల్లించి, మార్కెట్ ధరకంటే ఎక్కువకు తానే కొని వదిలించుకుంది. వాటాదారులు మండిపడ్డారు. ఆ సెప్టెంబర్‌లో పారమౌంట్ నుంచి మైకేల్ ఐస్నర్, వార్నర్‌లో పనిచేసిన ఫ్రాంక్ వెల్స్ పగ్గాలు పట్టారు.

వాళ్లు మొదట చేసింది ఇంట్లో ఉన్న నిధిని బయటికి తీయడం. పాత చిత్రాలను ఏడేళ్లకోసారి థియేటర్లలో తిరిగి విడుదల చేయడం డిస్నీ ఆనవాయితీ. అప్పటికి కొత్త పిల్లల తరం తయారవుతుంది. అదే పద్ధతిని వీడియో క్యాసెట్లకు పెట్టారు. 1989లో ‘లిటిల్ మెర్మెయిడ్’తో మొదలై 1994 ‘లయన్ కింగ్’ దాకా యానిమేషన్‌కు మళ్లీ వసంతం వచ్చింది. 1991 నాటి ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ ఉత్తమ చిత్రం ఆస్కార్‌కు పోటీపడ్డ మొదటి యానిమేషన్ చిత్రం. ఆ పాటలు రాసిన హోవార్డ్ ఆష్‌మన్ విడుదలకు నెలల ముందే ఎయిడ్స్‌తో చనిపోయాడు. మన దేశంలో పిల్లలు డిస్నీని కలుసుకున్నది కూడా ఈ కాలంలోనే. 1990ల ఆదివారాల్లో దూరదర్శన్‌లో ‘డక్ టేల్స్’, ‘టేల్ స్పిన్’ హిందీలో వచ్చేవి. హిందీ అంతగా రాని తెలుగు ఇళ్లల్లో కూడా ఆ శీర్షిక గీతం నోటికి వచ్చేసింది.

1995లో ప్రకటించి 1996లో పూర్తి చేసిన కొనుగోలులో డిస్నీ 1,900 కోట్ల డాలర్లకు ఏబీసీని, దానితో పాటు ఈఎస్‌పీఎన్‌ను కొంది. నలభై ఏళ్ల కిందట కోటకు పునాది డబ్బు ఇచ్చిన టీవీ సంస్థే అది.

అదే 1995లో పిక్సార్ అనే స్టూడియో తీసిన ‘టాయ్ స్టోరీ’ కంప్యూటర్ యానిమేషన్ యుగాన్ని తెచ్చింది. డిస్నీ దాని పంపిణీదారు మాత్రమే. పదేళ్లు తిరిగేసరికి డిస్నీ సొంత కార్టూన్లు వాడిపోయాయి, పిక్సార్‌వి వెలిగాయి. 2005లో హాంకాంగ్ పార్కు ప్రారంభ ఊరేగింపు చూస్తూ కొత్త అధిపతి బాబ్ ఐగర్‌కు ఒక సంగతి తట్టిందట. గత పదేళ్లలో పుట్టి ఊరేగింపులో నడుస్తున్న పాత్రలన్నీ పిక్సార్‌వే. మరుసటి ఏడాది 740 కోట్ల డాలర్లకు పిక్సార్‌ను కొన్నారు. ఓస్వాల్డ్ కుందేలు తిరిగొచ్చింది కూడా ఆ ఏడాదే. ఆపై 2009లో మార్వెల్, 2012లో లూకాస్‌ఫిల్మ్, ఒక్కొక్కటి సుమారు 400 కోట్ల డాలర్లకు. సొంతంగా కొత్త పాత్ర పుట్టించడం కంటే పుట్టి పెరిగిన పాత్రలను దత్తత తెచ్చుకోవడం ఈ దశలో సంస్థ దారి అయింది. వ్యాపారంగా అది గెలిచింది. ఐవర్క్స్ లాంటి చేతులకు అక్కడ చోటెంత మిగిలిందన్నది నన్ను వదలని ప్రశ్న.

మా టీవీ దాకా

డిస్నీ నేరుగా తెలుగులో అడుగుపెట్టిన ఘట్టం 2011 సంక్రాంతి. ప్రకాష్ కోవెలమూడి దర్శకత్వంలో సిద్ధార్థ్, శ్రుతి హాసన్ నటించిన ‘అనగనగా ఓ ధీరుడు’ ఆ సంస్థ దక్షిణ భారతంలో నిర్మించిన మొదటి సినిమా. జానపద కథకు ఇక్కడ ఉన్న పాత ప్రేమను నమ్ముకుని చేసిన ప్రయత్నం అది. ఆ దారిలో ఎక్కువ దూరం నడవలేదు. తర్వాత అనువాదాల బాట పట్టింది. 2019 ‘లయన్ కింగ్’లో సింబాకు నాని, 2024 ‘ముఫాసా’కు మహేశ్ బాబు తెలుగు గొంతునిచ్చారు.

అసలు పెద్ద సంగతి 2019లో జరిగింది. 7,130 కోట్ల డాలర్లకు ట్వంటీఫస్ట్ సెంచరీ ఫాక్స్ ఆస్తుల్లో అత్యధిక భాగాన్ని డిస్నీ కొంది. ఆ మూటలోనే స్టార్ ఇండియా, హాట్‌స్టార్ ఉన్నాయి. స్టార్ 2015లోనే మా టీవీని కొనుక్కుని ఉండటంతో, సాయంత్రం ధారావాహికలు చూసే తెలుగు ఇల్లు తెలియకుండానే కాలిఫోర్నియా సంస్థ పటంలోకి వచ్చేసింది. నెట్‌ఫ్లిక్స్‌కు సినిమాలు అద్దెకిచ్చే బదులు సొంత తెర ఉండాలన్నది ఈ కొనుగోలు వెనక ఆలోచన. 1936 నాటి ఆలోచనే అది. 2019 నవంబర్‌లో అమెరికాలో డిస్నీ ప్లస్, 2020 ఏప్రిల్‌లో ఇక్కడ డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ మొదలయ్యాయి.

అయితే ఇక్కడ చందాదారులను రప్పించింది ఎలుకా కాదు, సింహమూ కాదు, క్రికెట్. 2022 వేలంలో ఐపీఎల్ డిజిటల్ హక్కులు వయాకామ్18కు వెళ్లిపోయాయి. దాదాపు 6.1 కోట్లున్న హాట్‌స్టార్ చందాదారులు మరుసటి ఏడాది మధ్యకు 4 కోట్లకు పడిపోయారు. ఐపీఎల్ ఎప్పుడూ అద్దె వస్తువే. అయిదేళ్లకోసారి వేలం. అద్దె పాత్ర మీద ఇల్లు కట్టకూడదని 1928లో నేర్చుకున్న సంస్థ వంద కోట్లకు పైగా జనమున్న దేశంలో అదే పని చేసింది. 2024 నవంబర్‌లో స్టార్ ఇండియాను రిలయన్స్, వయాకామ్18తో కలిపేశారు. కొత్త సంస్థ జియోస్టార్‌లో డిస్నీ వాటా 36.84 శాతం. పగ్గాలు రిలయన్స్ చేతిలో. 2025 ఫిబ్రవరి 14న జియోహాట్‌స్టార్ అన్న పేరు రావడంతో ఫోను తెర మీది గుర్తులోంచి డిస్నీ పేరు పోయింది.

ఇంతలో మొదటి ఆస్తులకు గడువు ముగిసింది. 1998లో అమెరికా చట్టసభ కాపీరైటు కాలాన్ని 95 ఏళ్లకు పెంచింది. ఆ పెంపు కోసం గట్టిగా ప్రయత్నించినవారిలో డిస్నీ ఒకటి. ఆ 95 ఏళ్లు కూడా గడిచిపోయాయి. తొలి ఓస్వాల్డ్ చిత్రం 2023 జనవరి 1న, ‘స్టీమ్‌బోట్ విల్లీ’ 2024 జనవరి 1న అమెరికాలో ప్రజల సొత్తు అయ్యాయి. ఆ చిత్రంలోని మిక్కీని, చేతి తొడుగులు లేని ఆ తొలి రూపాన్ని, ఎవరైనా గీసుకోవచ్చు, కదిలించుకోవచ్చు. తర్వాతి రూపాలు, వాణిజ్య చిహ్నం హక్కులు మాత్రం సంస్థవే.

2025 మే 7న డిస్నీ తన ఏడో వినోద నగరాన్ని అబుదాబిలోని యాస్ దీవిలో ప్రకటించింది. భూమి, పెట్టుబడి, నిర్మాణం, నిర్వహణ అన్నీ అక్కడి మిరాల్ సంస్థవే. డిస్నీ తన బొమ్మలు, నమూనాలు, పనితనం ఇచ్చి రాయల్టీ తీసుకుంటుంది. ఒకప్పుడు డబ్బు లేక టోక్యోలో రాసుకున్న ఒప్పందం వరస అదే. ఈసారి డబ్బుండి, కావాలని ఎంచుకున్నది. హైదరాబాద్ నుంచి అక్కడికి విమానంలో నాలుగు గంటల ప్రయాణం. గల్ఫ్‌లో తెలుగువాళ్ల కుటుంబాలకు అది ఇంకా దగ్గర. ఆ కోట గేటు తెరిచిన రోజున మొదటి వరసలో తెలుగు మాటలు వినిపిస్తాయని నాకు గట్టి నమ్మకం.